నల్లగుడ్డు మీద తెల్లమచ్చ: కన్ను మార్పించాలా, మందుతో తగ్గుతుందా?

మీరు రాసినది నాకు అర్థమైనంతలో ఇది. మీరు మియాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నల్లగొండ దగ్గరి ఊళ్లో ఉన్న మీ నాన్నగారికి 58 ఏళ్లు. వరిగడ్డి మోపు ఎత్తుతుంటే పోచ ఒకటి కంట్లో గుచ్చుకుంది. ఊళ్లోని మందుల దుకాణం అబ్బాయి ఇచ్చిన చుక్కలు వారం రోజులు వేశారు. మొదట ఎరుపు తగ్గింది, ఆ తరువాత నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించింది. పట్టణంలోని కంటి డాక్టరు ఫంగస్ అని చెప్పి నాటామైసిన్ చుక్కలు రాశారు. అయిదు రోజులు గడిచినా మచ్చ అలాగే ఉంది. బంధువులేమో, మందులతో కాలం వృథా ఎందుకు, హైదరాబాద్ తీసుకుపోయి కన్ను మార్పించేయండి అంటున్నారు. మార్పించాలా, మందుతో తగ్గుతుందా, రెండో కంటికి పాకుతుందా అని మీ ప్రశ్న. చివర్లో మీ అన్న కొడుకు గురించి కూడా ఒక వాక్యం రాశారు, దాని సంగతి తరువాత చెబుతాను.

సూటిగా చెబుతున్నాను. ఇప్పుడు మార్పిడి వద్దు. కానీ నాన్నగారిని కార్నియా విభాగం ఉన్న ఆసుపత్రికి రేపే తీసుకురండి, ఆదివారం దాకా ఆగవద్దు. అయిదు రోజులకే నాటామైసిన్ పనిచేయలేదని తేల్చలేం. రెండో కంటికి పాకదు, ఇది కండ్లకలక కాదు. కాకపోతే ఆ కంటికి వాడిన చుక్కల సీసాను ఈ కంటికి వాడకండి.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ నగరంలో కార్నియా జబ్బులే చూస్తున్నాను. వరికోతలు అయిన రెండు మూడు వారాలకు మా వరండాలో బెంచీలు చాలవు. తువ్వాలుతో ఒక కన్ను మూసుకున్న పెద్దమనుషులు, పక్కన ప్లాస్టిక్ సంచిలో నాలుగు రకాల చుక్కల సీసాలు. మీరు వర్ణించిన కథే, ఊరి పేరు మాత్రం మారుతుంది.

మొదట "కన్ను మార్పిడి" అనే మాట సంగతి. కన్నును ఎవరూ మార్చరు, మార్చలేరు. మార్చేది కార్నియాను మాత్రమే. మనం నల్లగుడ్డు అంటాం కానీ కార్నియా నిజానికి నల్లగా ఉండదు. అది పూర్తిగా పారదర్శకం, మనకు కనిపించే నలుపు దాని వెనక ఉన్న కనుపాపది. మందం మధ్యలో అర మిల్లీమీటరు కాస్త అటూ ఇటూ. అంత పలుచని పొరే, కంట్లోకి వచ్చే వెలుతురును వంచే పనిలో మూడింట రెండు వంతులు చేస్తుంది. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపు ఉండదు. మీ నాన్నగారి కష్టమంతా ఇక్కడే ఉంది. చేతికి ముల్లు గుచ్చుకుంటే రక్తం పరుగెత్తుకొచ్చి పోరాడుతుంది, ఇక్కడ ఆ సేన చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతుంది. ఈలోగా గడ్డిపోచ మీద ఉన్న బూజు పొరల మధ్య కాపురం పెడుతుంది. మన దక్షిణాదిలో ఎక్కువగా ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రకాలు. ఇవి ఎక్కడి నుంచో రావు, పొలంలోనే ఉంటాయి.

ఇక ఆ మొదటి చుక్కలు. వాటి పేరు మీరు రాయలేదు, కానీ "ఎరుపు తగ్గింది, తరువాత మచ్చ వచ్చింది" అన్న ఒక్క వాక్యం చదివి నాకు భయం వేసింది. సీసా మీద చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ అని ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టిరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తుంది, దుకాణాల్లో చేతికి అందేది అదే. ఫంగస్ ఉన్న కంటికి స్టిరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గుతుంది, జబ్బు పెరుగుతుంది. ఎరుపూ నొప్పీ శరీరం చేసే పోరాటానికి గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది, బూజును ఆపదు. రోగికి హాయిగా ఉంటుంది, లోపల బూజు కార్నియా వెనక పొర దాకా తొలుచుకుంటూ పోతుంది.

వరంగల్ వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు, చాలా ఏళ్ల కిందట. పత్తికట్టె తగిలింది. మూడు వారాలు ఆ సీసానే వాడాడు, అయిపోతే ఇంకొకటి కొన్నాడు. "ఈ చుక్కలు వేసుకుంటేనే హాయిగా ఉంది డాక్టరమ్మా, ఇవి మాత్రం మాన్పించకండి" అని బతిమాలాడు. కంటి పొరలను పెద్దవిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో చూస్తే బూజు కార్నియాను దాటి లోపలి గదిలోకి దిగింది. ఆ కంటిని నిలపడానికి రెండు ఆపరేషన్లు చేశాం, ఆకారం మిగిలింది, చూపు మిగలలేదు. ఆ సీసా ఇచ్చిన దుకాణదారు చెడ్డవాడేమీ కాదు. ఎర్రబడిన కంటికి ఎరుపు తగ్గే మందు ఇచ్చాడు. ఎరుపుకు కారణం చూడడానికి అతని దగ్గర సూక్ష్మదర్శిని లేదు, అంతే.

అదే ఇప్పుడు మీకు కావలసింది. రేపు అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ మందు" కాదు. "పుండును గీకి పరీక్ష చేశారా?" అని అడగండి. గీకడం అంటే జనం భయపడతారు. మొద్దుబారే చుక్కలు వేసి, స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి, చిన్న బ్లేడుతో పుండు అంచునూ అడుగునూ కాస్త గీకి గాజుపలక మీద పెడతాం. రెండు మూడు నిమిషాల పని. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి చూస్తే బూజు పోగులు అప్పటికప్పుడే కనిపిస్తాయి. మిగతాది కల్చర్‌కు వెళుతుంది, అది పెరగడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు. గీకడం వల్ల ఇంకో లాభం, పైన పేరుకున్న చచ్చిన పొర పోయి మందు లోపలికి దిగుతుంది.

మరి పట్టణంలోని డాక్టరు ఫంగస్ అని చెప్పారు కదా, మళ్లీ పరీక్ష ఎందుకు? ఆయన మాట నిజమే కావచ్చు. గడ్డిపోచ, తెల్లమచ్చ, ఈకల్లాంటి అంచులు చూసి అనుభవంతో చెప్పి ఉంటారు, పదిసార్లలో ఎక్కువసార్లు అది సరిపోతుంది కూడా. కానీ నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వేసేవి చాలా ఉన్నాయి. బాక్టీరియా వేస్తుంది. అది చురుకు, రెండు మూడు రోజుల్లోనే కార్నియాను కరిగించగలదు. అకాంతమీబా అనే, నీటిలో ఉండే సూక్ష్మజీవి వేస్తుంది, మచ్చ చిన్నదే ఉంటుంది, నొప్పి మాత్రం రోగిని నిద్రపోనివ్వదు. బురదనీరు కంట్లో పడ్డవారిలోనూ, కాంటాక్ట్ లెన్సులను కుళాయి నీటితో కడిగే పిల్లల్లోనూ చూస్తుంటాం. హెర్పిస్ వైరస్ వేస్తుంది, చెట్టుకొమ్మ ఆకారంలో మొదలై ఏళ్ల తరబడి తిరగబెడుతుంది. ఒక్కోదానికి ఒక్కో మందు. ఒకదాని మందు ఇంకోదానికి నీళ్లతో సమానం.

వీటన్నిటికంటే మోసం చేసేది పిథియం. సూక్ష్మదర్శినిలో అచ్చం బూజులాగే పోగులు పోగులుగా కనిపిస్తుంది, కానీ అది ఫంగస్ కాదు. నీటిలో బతికే వేరే జాతి. నాటామైసిన్ ఫంగస్ కణం చుట్టూ ఉండే పలుచని పొరలోని (గోడలోని కాదు) ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని పట్టుకుని పనిచేస్తుంది, పిథియంకు ఆ పదార్థం లేదు. కనుక మందు ఎంత వేసినా దానికి పట్టదు. కాలువ నీటితో కళ్లు కడుక్కున్న ఒక కుర్రాడికి నేనే రెండు వారాలు ఫంగస్ మందు వేశాను. రిపోర్టులో ఫంగస్ అని ఉంది, నేను నమ్మాను. పుండు మాత్రం వేళ్లు చాపుకుంటూ పోయింది. మళ్లీ గీకి, కల్చర్ పలకను నీటిలో పెట్టించి చూస్తే ఈదే బీజాలు బయటికి వచ్చాయి. లినెజోలిడ్, అజిత్రోమైసిన్‌కు మార్చాం. బాక్టీరియాకు వాడే ఈ మందులు పిథియం మీద పనిచేస్తాయని చూపిన పనిలో పెద్దభాగం మన హైదరాబాద్‌లోనే, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో జరిగింది. అయినా ఆ కుర్రాడికి మార్పిడి తప్పలేదు. అప్పటి నుంచి వారం దాటినా కదలని "ఫంగస్" కనిపిస్తే రెండోసారి గీకకుండా మందు మార్చను.

ఇప్పుడు నాటామైసిన్ మీద మీ అనుమానం. ఇది పాత మందు, పెద్ద ఖరీదైనదీ కాదు, అందుకే "ఇంకా మంచిది రాయండి" అని అడిగేవాళ్లు ఉంటారు. అరవింద్ కంటి ఆసుపత్రులలో జరిగి 2013లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, కొత్తదీ ఖరీదైనదీ అయిన వోరికొనజోల్ చుక్కల కంటే నాటామైసినే మెరుగని తేలింది. ఫ్యుసేరియం విషయంలో తేడా మరీ స్పష్టం. దాని లోపమల్లా లోతుకు దిగకపోవడం. అందుకే పుండు పైపైన ఉన్నప్పుడే, గంటగంటకూ వేయాలి. మొదటి కొన్ని రోజులు మచ్చ తగ్గకపోవడం మామూలే, కొందరిలో కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. నేను చూసేది మచ్చ పరిమాణం ఒక్కటే కాదు. అంచులు మొద్దుబారుతున్నాయా, నొప్పి తగ్గుతోందా, చుట్టూ వాపు దిగుతోందా అని చూస్తాను. పూర్తిగా మానడానికి మూడు వారాల నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

కానీ ఇంట్లో అసలు ఎన్ని చుక్కలు పడుతున్నాయి? ఇది మీరు నిజాయితీగా కనుక్కోవాలి. కోతల కాలంలో అందరూ పొలానికి వెళ్లిన ఇంట్లో, ఒంటికన్నుతో ఉన్న మనిషి తన కంట్లో తానే గంటకోసారి చుక్క వేసుకోవడం జరిగే పని కాదు. సగం చుక్కలు చెంప మీద పడతాయి. మా దగ్గరికి వచ్చే ఒక ముసలమ్మకు ఆరో తరగతి మనవడు చుక్కలు వేసేవాడు. వేసినప్పుడల్లా గోడ మీద సుద్దతో ఒక గీత గీసేవాడట. నాకు ఫోనులో ఆ గోడ ఫోటో చూపించాడు. అయిదు వారాల్లో పుండు మానింది. ఆ గోడను మించిన మందుచీటీ నేను ఇంతవరకు రాయలేదు.

సీసాను ప్రతిసారీ బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుపోతుంది. కుదపకపోతే మొదటి వారం నీళ్లు, రెండో వారం పిండి వేస్తున్నట్టే. ఒక మందుకూ ఇంకోదానికీ మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. వేసిన తరువాత పుండు మీద, రెప్పల అంచున సున్నంలాంటి తెల్లపొడి కనిపిస్తుంది. అది మందే, చీము కాదు. మచ్చ పెరిగిందని భయపడి దీన్ని చూసే మందు మానేసినవాళ్లున్నారు. అలాగే నొప్పికి ఆట్రోపిన్ లేదా హోమాట్రోపిన్ ఇచ్చి ఉంటే కనుపాప పెద్దదై చూపు ఇంకా మసకబారుతుంది, వెలుతురు భరించలేరు. అదీ మందు చేసే పనే.

కంటికి గుడ్డకట్టు కట్టకండి. కట్టు కింద వెచ్చగా, తడిగా ఉంటుంది, బూజుకు అంతకంటే ఏం కావాలి. నల్ల అద్దాలు చాలు. తలస్నానం వద్దు, మెడ కింద నుంచి పోసుకోమనండి. ఆకుపసరు, తల్లిపాలు, నాలుకతో నలుసు తీసేవాళ్లు, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. ఊళ్లో ఎవరో పెద్దావిడ ఎంతో ప్రేమతోనే చేస్తుంది, ఆమె నోట్లోని క్రిములు మాత్రం ప్రేమ చూడవు. ఇంకొక మాట, షుగర్ పరీక్ష చేయించండి. యాభై దాటిన రైతుల్లో ఇంతవరకు తెలియని షుగర్ మా దగ్గరే బయటపడుతుంటుంది, అది అదుపులో లేకపోతే పుండు మానదు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా రాత్రయినా బయలుదేరండి. నల్లగుడ్డు అడుగున తెల్లని గీతలా చీము నిలవడం. నొప్పి రోజురోజుకూ పెరగడం. అన్నిటికంటే ముఖ్యం, కంట్లోంచి ఒక్కసారిగా వేడినీళ్లు కారినట్టయి, ఆ వెంటనే నొప్పి తగ్గిపోవడం. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నిజానికి అది కార్నియాకు రంధ్రం పడిందన్న సూచన. రంధ్రం చిన్నదైతే ప్రత్యేకమైన జిగురుతో మూయవచ్చు, పెద్దదైతే అప్పుడు మార్పిడే.

ఇక మీ బంధువుల సలహా. మార్పిడి రెండు రకాలు, అవి ఒకటి అనుకోవడం వల్లే గందరగోళం. ఒకటి కన్ను నిలపడానికి చేసేది. మందుకు లొంగని, రంధ్రం పడబోతున్న కంటిలో పుండును మొత్తంగా కోసి తీసి దాత కార్నియా కుడతాం. అప్పుడు మా లక్ష్యం చూపు కాదు, ఇన్‌ఫెక్షన్‌ను బయటికి పంపడం. మండుతున్న కంటిలో పెట్టిన కొత్త కార్నియా చాలాసార్లు కొన్ని నెలల్లో తెల్లబడిపోతుంది. రెండోది చూపు కోసం చేసేది. పుండు మాని, కన్ను చల్లబడి, కనీసం ఆరు నెలలు గడిచాక, మిగిలిన మచ్చ చూపుకు అడ్డం వస్తుంటే చేస్తాం. ఇందులో ఫలితం ఎంతో మెరుగు. మందుతో మానే పుండుకు ఇప్పుడే మార్పిడి చేయిస్తే, రెండో రకం అవకాశాన్ని మొదటి రకం మీద ఖర్చు పెట్టినట్టవుతుంది.

పైగా మార్పిడి ఒకరోజు పని కాదు. వెంట్రుక కంటే సన్నని దారంతో, సాధారణంగా పదహారు కుట్లు. అవి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. రక్తం గ్రూపు కలవనక్కరలేదు, అది నిజం. కానీ శరీరం కొత్త పొరను ఎప్పుడైనా తిరస్కరించవచ్చు, అయిదేళ్ల తరువాత కూడా. ఎరుపు, మసక, వెలుతురు భరించలేకపోవడం మొదలైతే ఆ రోజే రావాలి. తమాషా ఏమిటంటే, ఆ కొత్త కార్నియాను కాపాడేది మళ్లీ స్టిరాయిడ్ చుక్కలే. నేను పైన తిట్టిన మందే. ఎప్పుడు, ఎవరికి, ఎవరి కనుసన్నల్లో అన్నదే తేడా.

మచ్చ మిగిలినా, ఊళ్లలో "పువ్వు వేసింది" అంటారే అది, అందరికీ మార్పిడి అక్కరలేదు. మొదటి ఏడాదిలో కొంత పలుచబడుతుంది. పక్కకు ఉంటే అద్దాలతో సరిపోవచ్చు. మధ్యలో ఉన్నా, పైభాగం ఎగుడుదిగుడు కావడమే అసలు లోపమైతే గట్టి కాంటాక్ట్ లెన్సు పెట్టి చూస్తాం. రెండు అక్షరాలు కూడా చదవలేని ఒక బడి ఆయమ్మ ఆ లెన్సు పెట్టగానే చార్టు కింది వరుసల దాకా చదివి, నన్ను వదిలేసి గోడమీది క్యాలెండర్‌లో తేదీలు చదవడం మొదలుపెట్టింది.

దెబ్బ తగిలిన రోజే ఏం చేయాల్సింది అని కూడా మీరు అడగలేదు కానీ, ఊళ్లో పదిమందికి చెప్పండి. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలతో కార్నియా మీద గీత పడ్డవారికి క్లోరాంఫెనికాల్ మలాము రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టించారు. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పద్దెనిమిది గంటల లోపు మొదలుపెట్టినవారిలో గీత పుండుగా మారలేదు. శుభ్రమైన నీటితో కడిగి, ఆ రోజే డాక్టరుకు చూపించి, స్టిరాయిడ్ లేని మలాము పెట్టుకోవడం, అంత చిన్న పని. గడ్డి మోసేటప్పుడు, మిషన్ దగ్గర నిలబడేటప్పుడు మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలు ఇంకా చిన్న పని.

మీ అన్న కొడుకుకు పదహారేళ్లు, అతనికీ కార్నియా జబ్బే, వంశంలో ఉందా అని రాశారు. కాదు, రెంటికీ సంబంధం లేదు. తాతది దెబ్బ, మనవడిది మీరు రాసినదాన్నిబట్టి కెరటోకోనస్, అంటే కార్నియా పలుచబడి ముందుకు కోసుగా పొడుచుకు రావడం. ఎలర్జీతో కళ్లు నులుముకునే పిల్లల్లో ఎక్కువ. అతని చేతులు కళ్ల దగ్గరికి వెళ్లకుండా చూడండి, ఎలర్జీకి మందు వాడించండి. కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్షలో పెరుగుతోందని తేలితే క్రాస్‌లింకింగ్ చేస్తారు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టి పొరను గట్టిపరచడం అది. పెరుగుదలను ఆపుతుంది, పోయిన చూపును పెద్దగా తేదు, కనుక పరీక్షలయ్యాక చేయిద్దాం అని ఆగవద్దు. అద్దాల నెంబరు ఆరేడు నెలలకోసారి మారుతుంటే అదే సూచన.

ఎక్కడికి తీసుకురావాలి అంటే, మెహదీపట్నంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ సంస్థలో డబ్బు కట్టలేనివారికీ వైద్యం ఉంది, 1989 నుంచి వాళ్ల నేత్రనిధి కూడా నడుస్తోంది. ఇంకెక్కడికైనా సరే, కార్నియా నిపుణులూ, గీకిన నమూనాను అక్కడే చూసే ప్రయోగశాలా ఉన్నాయా అని ముందు ఫోను చేసి కనుక్కోండి.

వచ్చేటప్పుడు నాన్నగారు ఇంతవరకు వాడిన సీసాలన్నీ, ఖాళీవి కూడా, దుకాణం అబ్బాయి ఇచ్చినదానితో సహా సంచిలో వేసుకురండి. లేబుల్ చిరిగినా, చీటీ పోయినా పరవాలేదు. పాత చుక్కలు ఇంకా వేస్తున్నారా అని అడిగితే మీ నాన్నగారు లేదనే అంటారు, అయినా సీసా ఎంత ఖాళీ అయిందో నేనైతే చూస్తాను.